కరెంటు పోయి వచ్చినా నేల తడవని అక్వేరియం: ఓవర్‌ఫ్లో, సంపు ఎంపిక

ఇంటి కింద సంపు, మేడ మీద ట్యాంకు, ఆ ట్యాంకు పైఅంచు దగ్గర బయటికి పొడుచుకొచ్చిన చిన్న ఓవర్‌ఫ్లో పైపు. మోటారు ఆపడం మరిచిపోతే ఆ పైపులోంచి నీళ్ళు సందులోకి ధారగా పడతాయి, పక్కింటివాళ్ళు కేక వేస్తారు. అక్వేరియానికి సంపు పెట్టడమంటే ఇదే ఏర్పాటును హాల్లోకి తీసుకురావడం. ఒక్కటే తేడా. ఇక్కడ మోటారు రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది, ఓవర్‌ఫ్లో ఎప్పుడూ పారుతూనే ఉంటుంది, పారిన నీరు సందులోకి పోకుండా కింద పెట్టిన చిన్న తొట్టిలోకి చేరి, వడపోత పూర్తి చేసుకుని, పంపు ద్వారా మళ్ళీ పైకి వెళుతుంది.

పై తొట్టి నుంచి కిందికి నీరు దింపడానికి అయిదు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఏది అడిగినా దుకాణదారు బాగుంటుందనే చెబుతాడు, నిజమే, నడుస్తున్నంతసేపు అన్నీ బాగానే నడుస్తాయి. నా అభిప్రాయంలో వీటిని తూచాల్సిన క్షణాలు రెండే: కరెంటు పోయిన క్షణం, తిరిగి వచ్చిన క్షణం. మొదటి నాలుగడుగుల తొట్టికి నేను అంచుకు తగిలించే సైఫన్ పెట్టె వాడాను, అంటే గాజుకు రంధ్రం లేకుండా వంపు గొట్టంతో అంచు మీదుగా నీటిని కిందికి దింపేది. ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక మే నెల రాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. లేచి కాలు కింద పెడితే చల్లగా తగిలింది. సైఫన్ గొట్టంలో గాలి చేరి ధార తెగిపోయింది, కింది పంపు మాత్రం తన పని తాను చేసుకుంటూ ఉన్న నీరంతా పైకి తోసింది. తొట్టి అంచు దాటిన నీరు స్టాండు ప్లైవుడ్‌లోకి దిగి, అది ఉబ్బి, తలుపు మళ్ళీ మూసుకోలేదు. చేపలు బతికాయి, పంపు ఎండిపోయి కాలిపోయింది.

ముందు, మీకు సంపు అవసరమా?

రెండడుగుల తొట్టిలో గప్పీలు, టెట్రాలు పెంచేవారికి అవసరం లేదు. స్పాంజి ఫిల్టరు, అంచుకు తగిలించే ఫిల్టరు చాలు. మూడడుగుల దగ్గర ఆలోచించవచ్చు. నాలుగడుగులు దాటి గోల్డ్‌ఫిష్, ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, డిస్కస్ వంటి వ్యర్థం ఎక్కువ వదిలే చేపలు ఉంటే సంపు నిజంగా ఉపయోగపడుతుంది. మొత్తం నీటి పరిమాణం పెరుగుతుంది, హీటరు, స్పాంజిలు అన్నీ కిందికి పోతాయి, నీటి పైతలం మీద తేలే జిడ్డు పొర ఓవర్‌ఫ్లో అంచు మీదుగా జారిపోతుంది. సముద్రపు నీటి తొట్టికైతే ప్రొటీన్ స్కిమ్మర్, అంటే బుడగల నురుగుతో వ్యర్థాన్ని తీసే పరికరం, పెట్టడానికి సంపును మించిన చోటు లేదు.

తొట్టి బయట పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టరుతో, అంటే క్యానిస్టర్‌తో, పోలిస్తే సంపుకు మన ఊళ్ళలో మరో లాభం ఉంది. కరెంటు గంటల తరబడి పోతే, మూసి ఉన్న క్యానిస్టర్‌లో ప్రాణవాయువు అయిపోయి అందులోని మేలుచేసే బాక్టీరియా చావడం మొదలవుతుంది. పైన తెరిచి ఉన్న సంపులో ఆ నష్టం నెమ్మదిగా జరుగుతుంది, దానిలో బ్యాటరీ గాలిపంపు గొట్టం ఒకటి వేస్తే ఇంకా ఆలస్యమవుతుంది. కార్బన్ డయాక్సైడు ఎక్కించి మొక్కలు పెంచేవారు మాత్రం క్యానిస్టర్ దగ్గరే ఆగడం మంచిది. ఓవర్‌ఫ్లోలో నీరు పడినప్పుడల్లా ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది, సిలిండరు త్వరగా ఖాళీ అవుతుంది.

దేనిని బట్టి ఎంచుకోవాలి

లెక్కలకు ఈ వ్యాసమంతటా ఒకే తొట్టిని తీసుకుంటాను: 120 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. గాజు మందం వదిలేస్తే, అంచుదాకా 243 లీటర్లు. దీనిలో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు మారితే 5.4 లీటర్లు మారినట్టు. ఈ 5.4 చాలా పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

మొదటి ప్రశ్న: కరెంటు పోతే ఎంత నీరు కిందికి వస్తుంది? పంపు ఆగగానే రెండు దారుల్లో నీరు దిగుతుంది. ఓవర్‌ఫ్లో అంచు మీద నిలిచిన ఒక సెంటీమీటరు పొర, అంటే 5 లీటర్లకు పైగా. రెండోది చాలామంది మరిచిపోయేది, పైకి నీరు తెచ్చే రిటర్న్ గొట్టం. దాని మూతి ఓవర్‌ఫ్లో అంచుకు 5 సెం.మీ. దిగువన నీటిలో ఉంటే, పంపు ఆగగానే అదే గొట్టం సైఫన్‌గా మారి ఆ 5 సెం.మీ. నీటినీ, అంటే 27 లీటర్లను, కిందికి లాగేస్తుంది. పెట్టెలో, పైపుల్లో ఉన్నది మరో నాలుగైదు లీటర్లు. మొత్తం 37 లీటర్ల దాకా. మీ సంపులో అంత ఖాళీ ఉందా?

రెండో ప్రశ్న: కరెంటు రాగానే ఎవరి చేయీ పడకుండా డ్రెయిను, అంటే నీటిని కిందికి దింపే పైపు, తనంతట తాను మొదలవుతుందా? మూడోది: ఆకు, నత్త, చనిపోయిన చిన్న చేప పైపుకు అడ్డుపడితే నీటికి రెండో దారి ఉందా? నాలుగోది చప్పుడు. పగలు వినిపించని గరగర రాత్రి పదకొండుకు హాలంతా వినిపిస్తుంది. అయిదోది, పగిలిన ముక్క మీ వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుందా, తెప్పించుకుని వారం ఆగాలా?

ఖర్చును ఈ వరుసలో చేర్చలేదు. మన దగ్గర తొట్టి ఎక్కువగా కొలతలిచ్చి చేయించుకునేదే. అతికించక ముందే రంధ్రాలు వేయించమంటే అదనంగా అయ్యేది మొత్తం ఖర్చులో చిన్న భాగం. తయారైన తొట్టికి రంధ్రం వేయించడానికి భయపడి సైఫన్ పెట్టె కొనేవారిని చూస్తాను. కొత్త తొట్టి చేయించుకునేవారికి ఆ భయంతో పనే లేదు. కింది పట్టికలోని డర్సో, హెర్బీ, బీన్ యానిమల్ అనేవి పైపుల అమరికల పేర్లు, ఒక్కొక్కటీ తర్వాత వివరిస్తాను.

| పద్ధతి | గాజుకు రంధ్రాలు | కరెంటు తిరిగి వచ్చాక | పైపుకు అడ్డు పడితే | చప్పుడు |
|---|---|---|---|---|
| తగిలించే సైఫన్ పెట్టె | లేవు | సైఫన్ నిలిచి ఉంటేనే నడుస్తుంది | నేల తడుస్తుంది | ఓ మోస్తరు |
| పీవీసీ సైఫన్ | లేవు | పైభాగంలో గాలి చేరకుంటేనే నడుస్తుంది | నేల తడుస్తుంది | ఎక్కువ |
| ఒకే పైపు, డర్సో | డ్రెయినుకు 1 | తానే మొదలవుతుంది | రెండో దారి లేదు | సర్దితే తక్కువ |
| రెండు పైపులు, హెర్బీ | డ్రెయినుకు 2 | తానే మొదలవుతుంది, ఒకటి రెండు నిమిషాలు గరగర | రెండో పైపు తీసుకుంటుంది | దాదాపు ఉండదు |
| మూడు పైపులు, బీన్ యానిమల్ | డ్రెయినుకు 3 | తానే మొదలై తానే సర్దుకుంటుంది | రెండు దారులు మిగులుతాయి | దాదాపు ఉండదు |

తగిలించే సైఫన్ పెట్టె

లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె, రెంటినీ కలుపుతూ తలకిందులుగా ఉన్న యు ఆకారపు గొట్టం. పంపు ఆగినా రెండు పెట్టెల్లో నీరు నిలిచి ఉంటుంది కాబట్టి గొట్టం ఖాళీ కాదు, కరెంటు రాగానే మళ్ళీ పారుతుంది. కాగితం మీద ఇంత బాగుంటుంది. వాస్తవంలో నీటితోపాటు వచ్చే సన్నని బుడగలు గొట్టం నెత్తిన చేరుతూ ఉంటాయి. ధార వేగంగా ఉన్నప్పుడు అవి కొట్టుకుపోతాయి. ధార నెమ్మదిస్తే అక్కడే కూడి, ఒకరోజు గొట్టాన్ని రెండుగా తెంచేస్తాయి. అందుకే ఈ పెట్టెకు మరీ పెద్ద గొట్టం కొనడం పొరపాటు. గొట్టం ఎంత లావైతే అందులో ధార అంత నిదానం. పంపు ప్రవాహానికి సరిపోయేంత సన్ననిదే మేలు.

దీనిని తప్పనిసరిగా వాడాల్సివస్తే గొట్టం నెత్తిన చిన్న గాలిగొట్టం అమర్చి, దానిని పవర్‌హెడ్ (తొట్టిలో నీటిని కదిపే చిన్న పంపు) గాలి పీల్చే మూతికి కలపండి. చేరిన గాలిని అది ఎప్పటికప్పుడు లాగేస్తుంది. గొట్టం లోపల నాచు పెరుగుతుంది, నెలకోసారి బ్రష్షుతో తోమాలి. అద్దె ఇంట్లో ఉన్నా సంపు కావాల్సిందేననేవారు, ఇప్పటికే నిండుగా నడుస్తున్న తొట్టిని ఖాళీ చేయలేనివారు, తొట్టి గాజు టఫెన్డ్ (వేడితో గట్టిపరచినది, రంధ్రం వేయలేనిది) అయినవారు: ఈ ముగ్గురికి తప్ప మరెవరికీ నేను దీనిని సిఫారసు చేయను.

పీవీసీ సైఫన్

ఎల్బోలు, టీలు, పైపు ముక్కలతో ఇంట్లోనే కూర్చుకునేది. మన కుర్రవాళ్ళలో దీనికి అభిమానులు ఎక్కువ. నీరు ఎప్పుడూ పూర్తిగా జారిపోకుండా పైపును వంచి కట్టడంలో ఉన్న తెలివి నాకూ ఇష్టమే. సైఫన్ ఎలా పనిచేస్తుందో పిల్లలకు చేతుల్లో పెట్టి చూపించడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. కానీ తగిలించే పెట్టెకున్న బలహీనతే దీనికీ ఉంది, పైగా పైపు పారదర్శకం కాదు. లోపల గాలి ఎంత చేరిందో బయటికి కనబడదు. వరండాలో, కింద సిమెంటు నేల ఉన్నచోట, నీరు పడినా నష్టం లేనిచోట ప్రయత్నించండి. హాల్లో వద్దు.

ఒకే పైపు: డర్సో

తొట్టి మూలలో గాజు పలకలతో కట్టిన నిలువు పెట్టె. దాని పైఅంచు దువ్వెనలా పళ్ళు తీసి ఉంటుంది, చేపలు లోపల పడకుండా. పెట్టె అడుగున రంధ్రం, అందులోంచి నిలువు పైపు, పైన ఒక టీ, కిందికి వంగిన ఎల్బో, నెత్తిన మూత, మూతకు చిన్న గాలి రంధ్రం. పైపులో నీరూ గాలీ కలిసి దిగుతాయి. గాలి రంధ్రం మరీ చిన్నదైతే పెట్టెలో మట్టం పెరిగి ఒక్కసారిగా గుటగుటమని లాగుతుంది, మరీ పెద్దదైతే జలపాతంలా హోరెత్తుతుంది. మూతకు గాలిగొట్టపు చిన్న కవాటం బిగిస్తే నెమ్మదిగా తిప్పుతూ సరైన చోటు పట్టుకోవచ్చు.

దీని పరిమితి ప్రవాహంలో ఉంది. గాలికి చోటు వదలాలి కాబట్టి ఒక అంగుళం పైపులో గంటకు వెయ్యి లీటర్లు దాటితే చప్పుడు మొదలవుతుందని నా అనుభవం. మూడడుగుల తొట్టికి అది చాలు. రెండో దారి లేకపోవడం అసలు లోపం. ఆ లోపాన్ని ఒక లెక్కతో కాచుకోవచ్చు. సంపు చివరి అరలో, అంటే పంపు ఉన్న అరలో, ఎంత నీరుందో అంతే పైకి పోగలదు. ఆ అర 20 సెం.మీ. పొడవు, 35 వెడల్పు ఉండి, నీరు 22 సెం.మీ. ఉంటే 15.4 లీటర్లు. పై తొట్టిలో అది 3 సెం.మీ. కన్నా తక్కువ ఎత్తు. నీటి మట్టానికీ తొట్టి అంచుకూ మధ్య 4 సెం.మీ. ఖాళీ వదిలితే, డ్రెయిను పూర్తిగా మూసుకుపోయినా ఒక్క చుక్క బయట పడదు. నష్టం పంపుకు మాత్రమే. పంపు అరను చిన్నదిగా పెట్టుకోవడం వల్ల ఖర్చు లేకుండా వచ్చే భద్రత ఇది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ లెక్క చేసుకోండి.

రెండు పైపులు: హెర్బీ

నా ప్రస్తుత తొట్టి దీనిమీదే నడుస్తోంది, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొదటి పైపు నిండా నీరే, గాలి ఉండదు, పూర్తి సైఫన్. నీటికి గాలి కలవదు కనుక చప్పుడు రాదు. గాలి లేని పైపు మోసే నీరు కూడా చాలా ఎక్కువ. 75 సెం.మీ. దిగువకు పడే ఒక అంగుళం పైపులో ఎల్బోల, రాపిడి నష్టాలు తీసేసి లెక్క వేసినా గంటకు మూడు వేల లీటర్ల పైనే వస్తుంది. మనకు అంత అక్కర్లేదు. అందుకే ఆ పైపుకు సంపు పైన ఒక కవాటం బిగించి, పంపు పంపేదానికి సరితూగేదాకా మూస్తూ వస్తాం. రెండో పైపు ఖాళీగా, కాస్త ఎత్తున నిలబడి ఉంటుంది. మొదటిది మూసుకుపోతే పెట్టెలో మట్టం పెరిగి రెండో దానిలోకి దూకుతుంది. ఆ హోరు విని మీరు లేచి వస్తారు. నీరు చిందించకుండానే అది మనల్ని పిలుస్తుంది.

ఈ పద్ధతిలో తప్పులు జరిగేది మూడు చోట్ల. మొదటిది, అత్యవసర పైపుకు కవాటం పెట్టడం. ఎప్పటికీ పెట్టకూడదు, పంపు పంపే మొత్తం నీటినీ అది ఒంటరిగా మోయగలగాలి. రెండోది, సైఫన్ పైపు మూతి నీటి ఉపరితలానికి మరీ దగ్గరగా ఉండడం. సుడి తిరిగి గాలి పీల్చుతుంది, కనీసం పది సెంటీమీటర్ల లోతు ఇవ్వండి. మూడోది మన కరెంటుకు నేరుగా సంబంధించినది. సైఫన్ పైపు దిగువ కొస సంపు నీటిలో లోతుగా మునిగి ఉంటే, కరెంటు తిరిగి వచ్చినప్పుడు పైపులోని గాలి ఆ లోతును తోసుకుని బయటికి రాలేదు. సైఫన్ మొదలుకాదు, నీరంతా అత్యవసర పైపు మీదే పడుతుంది. కొసను ఉపరితలం కింద రెండు సెంటీమీటర్లకు మించి ముంచకండి. కరెంటు పోయినప్పుడు సంపు మట్టం పెరుగుతుంది, వచ్చినప్పుడు ముందుగా తగ్గుతుంది కాబట్టి ఆ రెండు సెంటీమీటర్లు మామూలుగా నడిచేటప్పటి మట్టం నుంచి కొలవాలి.

కవాటం విషయంలో ఒక ఇబ్బంది ఉంది. బాల్ వాల్వు పావు తిప్పులో పూర్తిగా మూసుకుపోతుంది, సన్నగా సర్దడం కష్టం. గేట్ వాల్వు సరిగ్గా సరిపోతుంది, కానీ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే ఎక్కువగా ఇత్తడిది చేతిలో పెడతారు. ఇత్తడిలో రాగి ఉంటుంది. రొయ్యలకు, నత్తలకు, పగడాలకు రాగి విషం. సముద్రపు నీటి తొట్టికైతే ఇత్తడి ముక్క ఒక్కటీ పైపులైనులో ఉండకూడదు. యూపీవీసీ గేట్ వాల్వు తెప్పించుకోగలిగితే మంచిది. దొరక్కపోతే యూపీవీసీ బాల్ వాల్వుతోనే ఓపికగా సర్దండి. ముప్పావు వంతు మూసిన దగ్గర వెంట్రుకవాసి తేడాలతో తిప్పాల్సి ఉంటుంది, అయినా కుదురుతుంది. బోరు నీటి సున్నం పేరుకుని పంపు బలం తగ్గినకొద్దీ, మూడు నెలలకోసారి మళ్ళీ సర్దాలి.

మూడు పైపులు: బీన్ యానిమల్

హెర్బీలో ఉన్న ఒక్క లోపాన్ని, అంటే తరచూ సర్దాల్సిరావడాన్ని, ఇది తీర్చింది. ఒక పైపు పూర్తి సైఫన్, రెండోది సన్నని ధార పారే తెరిచిన పైపు, మూడోది ఖాళీగా ఉండే అత్యవసర పైపు. రెండో పైపు నెత్తిన ఒక గాలిగొట్టం ఉంటుంది, దాని కొస పెట్టెలో నీటికి కాస్త పైన వేలాడుతుంది. మొదటి పైపుకు అడ్డుపడి మట్టం పెరిగితే ఆ కొస మునుగుతుంది, గాలి ఆగిపోతుంది, రెండో పైపు తనంతట తానే పూర్తి సైఫన్‌గా మారి నీటిని లాగుతుంది. అదీ చాలకపోతే మూడోది ఉంది. పంపు బలంలో చిన్న మార్పులను రెండో పైపు సన్నధార మింగేస్తుంది, కవాటం దగ్గరికి వెళ్ళనక్కర్లేదు.

ఇంత చక్కని ఆలోచనకు మూడు రంధ్రాలు, వాటిలో పైపులను బిగించే మూడు కనెక్టర్లు, వెనుక గోడకూ తొట్టికీ మధ్య 15 సెం.మీ. చోటు కావాలి. అయిదడుగులు దాటిన తొట్టికి, పై అంతస్తులో ఉంటూ కింది ఇంటి కప్పు గురించి ఆలోచించేవారికి, నెలకు పది రోజులు ఊళ్ళు తిరిగేవారికి ఇది తగిన పద్ధతి. మూడడుగుల తొట్టికి అనవసరం.

గాజు, రంధ్రం, కనెక్టర్

మొదట గాజు రకం తేల్చుకోండి. టఫెన్డ్ గాజుకు డ్రిల్లు తగిలితే పలక మొత్తం ముక్కలవుతుంది. తెల్లని కంప్యూటర్ తెరను గాజు వెనుక ఉంచి, పోలరైజ్డ్ చలువ కళ్ళజోడుతో చూడండి, గాజులో నల్లని మచ్చలు, గీతలు కనిపిస్తే అది టఫెన్డ్. చేయించుకునే తొట్టికైతే మామూలు గాజే అడగండి.

రంధ్రానికి వజ్రపు పొడి అంచున్న హోల్ కట్టర్ వాడతారు, నీళ్ళు పోస్తూ, ఒత్తకుండా, డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపి. రంధ్రం అంచు నుంచి గాజు అంచుకు కనీసం ఆ రంధ్రం వ్యాసమంత దూరం వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం: కనెక్టర్ కొని చేతిలో పెట్టుకున్నాకే రంధ్రం కొలత చెప్పండి. మేడ మీది ట్యాంకుకు వాడే ఒక అంగుళం ట్యాంకు కనెక్టర్ మరకు, అక్వేరియం కోసం అమ్మే ఒక అంగుళం బల్క్‌హెడ్ మరకు వ్యాసంలో సెంటీమీటరు దాకా తేడా ఉంటుంది. పేరుకు రెండూ ఒక అంగుళమే. రబ్బరు వాషరు వెడల్పు అంచున్న వైపు, అంటే నీటి వైపు, రావాలి. చేతితో బిగించి పైన పావు చుట్టు చాలు. రెంచితో విరగ బిగిస్తే గాజు పగులుతుంది.

పైపులు కూడా ఇలాగే మోసం చేస్తాయి. తెల్లటి యూపీవీసీ ప్లంబింగ్ పైపు ఒక అంగుళం బయటి వ్యాసం 33.4 మి.మీ., క్రీము రంగు సీపీవీసీ ఒక అంగుళానికి 28.6, వ్యవసాయానికి వాడే పైపు 32. ఒకదాని ఎల్బో మరొకదానికి ఎక్కదు, ఎక్కినట్టనిపించినా కారుతుంది. మొత్తం ఒకే రకం తీసుకోండి. పంపు దగ్గర, ప్రతి డ్రెయిను పైపుకు ఒక యూనియన్ (విప్పి మళ్ళీ బిగించగల కీలు) పెట్టండి. లేకపోతే శుభ్రం చేయాల్సిన రోజు యాక్సా బ్లేడు తీయాల్సి వస్తుంది. జిగురు ఆరడానికి ఒక రోజంతా ఇచ్చి, పైపుల్లో నీరు పారించి పారబోసి, ఆ తర్వాతే తొట్టికి కలపండి.

సంపు: గాజుదా, ప్లాస్టిక్‌దా?

మూడు అరలు చాలు. నీరు పడే అరలో వడపోత సంచి, మధ్య అరలో స్పాంజి, సిరామిక్ రింగులు, చివరి అరలో పంపు. మధ్య అరకూ చివరి అరకూ మధ్య రెండు మూడు అడ్డుగాజులు మూడు సెంటీమీటర్ల ఎడంతో పెడితే బుడగలు అక్కడే ఆగుతాయి.

పెద్ద ప్లాస్టిక్ టబ్బు చౌక, పగలదు, తేలిక. కానీ దాని గోడలు నీటి బరువుకు ఉబ్బుతాయి కాబట్టి అడ్డుపలకలు సిలికాన్‌తో అతుక్కుని నిలవవు. గుడ్డసంచి, రంధ్రాల డబ్బాలతోనే సరిపెట్టుకోవాలి. ఆస్కార్‌ల తొట్టికి అది చాలు. స్కిమ్మర్ పెట్టేవారికి మట్టం స్థిరంగా ఉండాలి, గాజు తప్పదు. పాత రెండున్నర అడుగుల తొట్టి ఇంట్లో ఉంటే అడ్డుగాజులు కోయించి దానినే సంపు చేసుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చే దారి.

మన లెక్కలోని తొట్టికి 75 సెం.మీ. పొడవు, 35 వెడల్పు, 40 ఎత్తున్న సంపు తీసుకుందాం. 22 సెం.మీ. నీటితో నడిపితే పైన 18 సెం.మీ. ఖాళీ, అంటే 47 లీటర్లు. కరెంటు పోతే వచ్చే 37 అందులో పడుతుంది. అదే సంపును 28 సెం.మీ. మట్టంతో నడిపితే ఖాళీ 31 లీటర్లే, ఆరు లీటర్లు నేల మీద. సంపు గోడ మీద ఆ 22 దగ్గర ఒక గీత గీసి పెట్టండి. స్టాండు తలుపులోంచి సంపు లోపలికి దూరుతుందో లేదో స్టాండు చేయించక ముందే కొలవండి. నీరు, గాజు, సంపు, స్టాండు కలిపి బరువు 400 కిలోల దగ్గరికి వస్తుంది, తర్వాత జరపలేరు.

రిటర్న్ గొట్టానికి నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్-రిటర్న్ వాల్వు పెడితే చాలు కదా అని అడుగుతారు. దానిని నమ్ముకుని సంపు నింపకండి. ఒక చిన్న నత్త, ఒక సున్నపు పలుకు అడ్డుపడితే అది మూసుకోదు. రిటర్న్ మూతిని నీటి ఉపరితలానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కిందే ఉంచడం నిజమైన రక్షణ. ఆ 27 లీటర్లు పదికి దిగుతుంది. గాలి చొరబడి సైఫన్ తెగేలా గొట్టానికి ఉపరితలం దగ్గర నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం వేయడం మంచిదే, నాచు మూసేయకుండా చూసుకుంటే.

పంపు ఎంత, ఏది?

గంటకు తొట్టి నీటికి నాలుగైదు రెట్లు తిరిగితే చాలు, 200 లీటర్ల నీటికి 800 నుంచి 1,000. డబ్బా మీద అంకె సున్నా ఎత్తు దగ్గరిది. మీ స్టాండులో నీరు ఎక్కాల్సింది 1.3 మీటర్లు అనుకుందాం. గరిష్ఠ ఎత్తు 2 మీటర్లని రాసిన పంపు అక్కడ డబ్బా అంకెలో మూడో వంతు ఇస్తుంది, 3 మీటర్లని రాసినది సగం ఇస్తుంది. లీటర్ల కన్నా ముందు ఎత్తు చదవండి.

మామూలు ఏసీ పంపు చౌక, ఏళ్ళ తరబడి నడుస్తుంది. 40 వాట్లదైతే నెలకు దాదాపు 29 యూనిట్లు. డీసీ పంపు అదే పని 20 వాట్లతో, 14 యూనిట్లతో చేస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు, హెర్బీ సర్దడం తేలికవుతుంది. కానీ దాని కంట్రోలర్ పోతే వీధిలో దొరకదు. ఇన్వర్టరు మీద నడిపే ఇల్లయితే, స్క్వేర్ వేవ్ ఇన్వర్టరుపై ఏసీ పంపు గుయ్యిమని మోగుతూ వేడెక్కుతుందని గుర్తుంచుకోండి.

సంపు ఉన్న తొట్టిలో ఆవిరి వల్ల తగ్గే మట్టం చివరి అరలోనే కనబడుతుంది, వేసవిలో రోజూ చూడాలి. ఫ్లోట్ బాల్ పెట్టుకోవచ్చు. దానిని నేరుగా మేడ మీది ట్యాంకుకు కలపకండి, ఇరుక్కుపోతే ట్యాంకంతా హాల్లోకి వస్తుంది. ఒక బకెట్టుకు కలపండి.

ఎవరికి ఏది

కొత్తగా నాలుగడుగుల తొట్టి చేయించుకునేవారు మరో ఆలోచన లేకుండా రెండు డ్రెయిను రంధ్రాలు, ఒక రిటర్న్ రంధ్రం వేయించి హెర్బీ పెట్టుకోండి. మూడడుగులదై, పడకగదిలో కాకుండా హాల్లో ఉండేదైతే డర్సో చాలు. అయినా రెండో రంధ్రం ఇప్పుడే వేయించి మూత బిగించి ఉంచండి, రేపు హెర్బీగా మార్చుకోవచ్చు. సముద్రపు నీటి తొట్టికి, ఖరీదైన పగడాలకు బీన్ యానిమల్. అద్దె ఇల్లు, రెండేళ్ళలో మారాల్సినవారు సంపు ఆశ వదిలి మంచి క్యానిస్టర్ కొనడమే మేలని గట్టిగా చెబుతాను. పాకే పిల్లలున్న ఇంట్లో ఏ పద్ధతైనా సరే, ప్లగ్గులు సంపు కన్నా ఎత్తున ఉండాలి, వైరు ప్లగ్గు దగ్గరికి వచ్చేముందు కిందికి ఒక వంపు తిరగాలి. చుక్క వైరు వెంట జారినా ఆ వంపు దగ్గర కింద పడుతుంది.

చేపలు వేయక ముందు

ఉత్త నీటితో ఒక రోజు నడిపి కీళ్ళన్నీ పొడి కాగితంతో తుడిచి చూడండి. తర్వాత మూడు పరీక్షలు. ప్లగ్గు తీసేయండి, సంపు మట్టం ఎక్కడ ఆగుతుందో గీత గీయండి, అది అంచుకు మూడు సెంటీమీటర్లయినా కింద ఉండాలి. అరగంట ఆగి ప్లగ్గు పెట్టండి, డ్రెయిను మీ చేయి పడకుండా మొదలై నిలకడకు వచ్చేదాకా గడియారం చూస్తూ నిలబడండి. చివరగా, ప్రధాన డ్రెయినును అరచేత్తో మూసి, రెండో పైపు నీరంతా తీసుకుంటుందో, డర్సో అయితే పంపు అర ఎండేదాకా తొట్టి అంచు దాటకుండా ఉంటుందో చూడండి. పంపు గాలి పీల్చే శబ్దం రాగానే ఆపేయండి.

రిటర్న్ మూతి కోణం మార్చినా, కొత్త పంపు పెట్టినా, సంపులో నీరు ఎక్కువ పోసినా మొదటి పరీక్షను ఆ రోజే మళ్ళీ చేయాలి: ప్లగ్గు తీసి, స్టాండు ఎదురుగా పీట వేసుకుని, సంపులో నీరు పెరగడం ఆగేదాకా కూర్చోండి.